మనసు చదువుకు ఏ ఊరి కళాశాల?

హోసూరు, కృష్ణగిరి తెలుగు ఇండ్లలో పదేండ్ల కిందట వినబడని కోరిక ఒకటి ఇప్పుడు వినబడుతున్నది. పన్నెండో తరగతి ముగించిన పిల్ల ఇంజనీరింగు, నర్సింగు వద్దని, మనస్తత్వశాస్త్రం చదువుతానంటున్నది. పెద్దలు మొదట జంకుతారు, తరువాత ఒప్పుకుంటారు. దగ్గరగా సీటు దొరికిన కళాశాలలో చేర్పిస్తారు. అసలు చిక్కు ఏడాది తిరిగేసరికి మొదలవుతుంది. బెంగళూరులో చేరిన పిల్లకు ఫీజు, వసతి ఖర్చు మోయలేని బరువవుతాయి. సేలం వైపు చేరిన పిల్లవానికి ప్రయోగశాల చాలదు. రోజూ బస్సులో గంటలు పోగొట్టుకునే వారు మరికొందరు. అప్పుడు "ఏ కళాశాలకు మారితే బాగుంటుంది?" అని పత్రికకు ఉత్తరం వస్తుంది. ఇటువంటివి ఈ ఏడు ఎక్కువగా వచ్చినందున, ఒక్కొక్కరికి వేరువేరుగా బదులు రాసే కంటే నా ఆలోచనను ఈ పుటలో అందరి ముందూ పెడుతున్నాను.

గణితమో వాణిజ్యశాస్త్రమో చదివేవారు కళాశాల మారాలనుకుంటే చూడవలసింది ఫీజు, దూరం, అధ్యాపకుల పేరు. మనస్తత్వశాస్త్రం సంగతి వేరు. భౌతికశాస్త్రవేత్త చేతిలో కొలబద్ద ఉన్నట్లు మనస్తత్వశాస్త్రవేత్త చేతిలో ఉండేది మాట. ఎదుటి మనిషి చెప్పేది వినాలి, చెప్పలేనిది గ్రహించాలి, దానికి పేరు పెట్టాలి. మన నుడిలో దిగులు వేరు, బెంగ వేరు, గుబులు వేరు, బెదురు వేరు. మేనత్త ఊరికి వెళ్లిపోతే పసిబిడ్డ జ్వరం తెచ్చుకుంటుంది చూడండి, అది బెంగ. పంట అమ్ముడుపోక రైతు మౌనంగా కూర్చుంటే అది దిగులు. ఏదో కీడు జరగబోతున్నదని కారణం తెలియకుండానే కడుపులో తిప్పితే అది గుబులు. ఆంగ్ల పాఠ్యపుస్తకం ఈ అన్నింటినీ యాంగ్జయిటీ, డిప్రెషన్ అనే రెండు గంపల్లో వేస్తుంది. అది శాస్త్రానికి అవసరమే, నేను కాదనను. కాని బేరికె నుండో కెలమంగలం నుండో ఆసుపత్రికి వచ్చిన అవ్వ "గుబులుగా ఉంది నాయనా" అన్నప్పుడు, ఆ మాటను ఏ గంపలో వేయాలో తెలియాలంటే ముందు ఆ మాట తెలియాలి. మూడేండ్ల చదువులో ఆ చెవి మొద్దుబారిపోతే పట్టా చేతికి వచ్చినా పనిముట్టు పోయినట్లే.

ఇది భావావేశంతో అంటున్న మాట కాదు. మన దేశంలో తెలివితేటల పరీక్షల చరిత్రే ఇందుకు సాక్ష్యం. పాశ్చాత్య దేశాల్లో తయారైన స్టాన్‌ఫర్డ్–బినే పరీక్షను వి.వి. కామత్ ఉన్నదున్నట్లు వాడలేదు. మరాఠీ, కన్నడ పిల్లలకు తగినట్లు మార్చి, వారిమీద పరీక్షించి, 1940లో గ్రంథంగా వెలువరించారు. బినే–కామత్ పరీక్షగా అది మన పక్క జిల్లాల్లోనూ దశాబ్దాలుగా వాడుకలో ఉన్నది. పిల్లకు తెలిసిన మాటల్లో అడగకపోతే వచ్చిన అంకె పిల్ల తెలివిని కొలవదని, పరభాష తెలియనితనాన్ని కొలుస్తుందని ఆ తరంవారికే అర్థమైంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం కలగలిసిన తెలుగు, బడిలో తమిళం ఉన్న సూళగిరి బిడ్డను ఈనాడు తమిళంలోనో ఆంగ్లంలోనో పరీక్షించి "మందబుద్ధి" అని రాసేస్తే, ఆ కాగితం ఆ బిడ్డను బడి ముగిసేదాకా వెంటాడుతుంది. దాన్ని సరిదిద్దగలిగేది ఆ మూడు నుడులూ తెలిసిన మనస్తత్వశాస్త్రవేత్త ఒక్కరే. అటువంటివారు మన ఇండ్లనుండే రావాలి, చెన్నపట్నం నుండో హైదరాబాదు నుండో దిగిరారు.

ఇప్పుడు కళాశాలల సంగతికి వస్తాను. కృష్ణగిరి జిల్లా 2004 ఫిబ్రవరిలో ధర్మపురి నుండి విడివడింది. ఇక్కడి కళా, విజ్ఞాన కళాశాలలు 1997లో సేలంలో ఏర్పడిన పెరియార్ విశ్వవిద్యాలయం కిందికి వస్తాయి. ఆ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర శాఖ ఉన్నది. తమిళనాడు డిగ్రీ చదువు భాగాలుగా నడుస్తుంది. మొదటి భాగం భాష, రెండోది ఆంగ్లం, మూడోది ముఖ్య విషయం, ఆపైవి తక్కినవి. మొదటి భాగంలో తమిళమే చదవాలని లేదు, "తమిళం లేదా ఇతర భాష" అని ఉంటుంది. ఈ "లేదా" అన్న మాట మనకు ఆయువుపట్టు. కాగితం మీద ఉన్న ఆ హక్కు తరగతి గదిలోకి రావాలంటే అధ్యాపకుడుండాలి. తెలుగు అధ్యాపకుడు లేని కళాశాలలో మన పిల్లలు తమిళమో హిందీయో రాసి బయటపడుతున్నారు. బడిలో తమిళం చదవకుండా వచ్చినవారికి నాలుగో భాగంలో ప్రాథమిక తమిళం ఉంటుంది. దాన్ని చూసి ఎవరూ భయపడనవసరం లేదు. పొరుగు నుడి నేర్చుకోవడం మనకు లాభమే, మనస్తత్వశాస్త్ర విద్యార్థికి మరీ లాభం. మన పోరాటం తమిళం మీద కాదని ఈ పత్రిక ఎన్నడో చెప్పింది.

బడి చదువులో జరిగిందేమిటో తలుచుకోకుండా కళాశాల గురించి మాట్లాడలేము. 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళ అభ్యసన చట్టం తెచ్చింది. ఆ ఏడు ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏటా ఒక తరగతి చొప్పున తమిళాన్ని మొదటి భాష చేసింది. మన మాతృభాష ఐచ్ఛికమై అడుగుకు జారింది. ఆ తొలి తరగతి పిల్లలు పదో తరగతి పరీక్షకు వచ్చేసరికి 2016 అయింది. అప్పటినుండి అల్పసంఖ్యాక భాషల పిల్లలకు కోర్టులే దిక్కయ్యాయి. మద్రాసు హైకోర్టు మినహాయింపులిచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఏటి పదో తరగతి వారికి మినహాయింపు ఇచ్చింది. ఏటేటా చివరి నెలలో వచ్చే ఉత్తర్వు కోసం ఎదురుచూస్తూ చదివిన బిడ్డకు తన నుడిలో ఎంత పట్టు మిగులుతుందో నేను వేరుగా చెప్పనక్కరలేదు. ఈ రోజు కళాశాల మారాలని చూస్తున్నవారు ఆ తరం పిల్లలే. ఇంటి తెలుగు నోట ఉన్నది, రాత తెలుగు చేతికి అరకొరగా అందింది. అందుకే డిగ్రీలో మొదటి భాగంగా తెలుగు దొరికే చోటును వెదకమంటున్నాను. అది మార్కుల కోసం కాదు, జారిపోయిన రాతను మళ్లీ పట్టుకునేందుకు అదే చివరి అవకాశం.

హోసూరు వారికి బెంగళూరు నలభై కిలోమీటర్లు. కృష్ణగిరి నుండి తొంభై. మనస్తత్వశాస్త్రానికి ఆ నగరం పెట్టింది పేరు. పాత మైసూరు మానసిక వైద్యశాల, 1954లో వెలసిన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ 1974లో ఒక్కటై నిమ్హాన్స్ అయ్యాయి. మైసూరు సీమలో ఈ శాస్త్రం ఇంకా పాతది. మహారాజా కళాశాలలో 1924లో ఆ శాఖను నెలకొల్పింది ఎం.వి. గోపాలస్వామి. 1935లో తన మైసూరు రేడియో కేంద్రానికి "ఆకాశవాణి" అని పేరుపెట్టిన పెద్దమనిషి కూడా ఆయనే. దేశమంతటి రేడియోకు పేరిచ్చినది ఒక మనస్తత్వశాస్త్ర ఆచార్యుడని మన పిల్లలకు చెబితే సంతోషిస్తారు. అయితే నిమ్హాన్స్ పక్కన ఉన్నంత మాత్రాన ఆ నగరంలోని ప్రతి ప్రైవేటు కళాశాలా నిమ్హాన్స్ కాదు. పెద్ద ఫలకం, అద్దాల భవనం చూసి మోసపోవద్దు. ప్రయోగశాలలో పరికరాలు ఎన్ని, పరీక్షల పేటికలు కన్నడ, తెలుగు, తమిళాల్లో ఉన్నాయా, రెండో ఏటనుండి పిల్లలను ఆసుపత్రికో బడికో తీసుకువెళ్తారా అని నేరుగా వెళ్లి అడగండి.

కర్ణాటక వైపు మారేవారు పద్ధతుల మార్పును కూడా గమనించాలి. 2021లో అక్కడ జాతీయ విద్యావిధానం ప్రకారం నాలుగేండ్ల డిగ్రీ వచ్చింది. 2024–25 నుండి మళ్లీ మూడేండ్లకు మళ్లారు. 2021లోనే కన్నడాన్ని డిగ్రీలో తప్పనిసరి చేస్తూ ఉత్తర్వులిచ్చారు, 2022లో అక్కడి హైకోర్టు వాటి అమలును నిలిపివేసింది. ఇక్కడినుండి అక్కడికి, అక్కడినుండి ఇక్కడికి మారే పిల్లకు ఈ మార్పులే కాళ్లకు అడ్డం పడతాయి. ఒక చోట చదివిన పేపరు మరో చోట లేదంటారు. ఒక చోట భాష నాలుగు సెమిస్టర్లు, మరో చోట లెక్క వేరు.

మారడమనేది దరఖాస్తు ఇచ్చినంత సులువు కాదు. ఒకే విశ్వవిద్యాలయంలోని రెండు కళాశాలల మధ్య అయితే ఇద్దరు ప్రిన్సిపాళ్ల ఒప్పుదల, విశ్వవిద్యాలయం అనుమతి, చేరబోయే చోట ఖాళీ సీటు కావాలి. సాధారణంగా ఏడాది మొదట్లోనే, అంటే మూడో సెమిస్టరుకో ఐదో సెమిస్టరుకో ఇది సాధ్యం. స్వయంప్రతిపత్తి కళాశాలలకు సొంత పాఠ్యప్రణాళికలు ఉంటాయి కనుక, ఒకే విశ్వవిద్యాలయం నీడలో ఉన్నా పేపర్లు కలవకపోవచ్చు. విశ్వవిద్యాలయం మారితే పాఠ్యప్రణాళికల సమానత చూస్తారు. బదిలీ పత్రం, మైగ్రేషన్ పత్రం, మార్కుల జాబితాలు, చదివిన పేపర్ల పాఠ్యప్రణాళిక అడుగుతారు. కలవని పేపర్లను తిరిగి రాయాలి. 2021లో విద్యా క్రెడిట్ల బ్యాంకు అని దేశవ్యాప్తంగా ఒక ఏర్పాటు వచ్చింది. అది క్రెడిట్లను దాచి ఉంచుతుంది, కాని వాటిని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది చేర్చుకునే సంస్థ ఇష్టం. కనుక పాత కళాశాలలో బదిలీ పత్రం తీసుకోకముందే కొత్త కళాశాల నుండి రాతమూలకంగా ఒప్పుదల తీసుకోండి. నోటిమాట నమ్మి పత్రం చేతపట్టుకుని రెండు గడపల మధ్య నిలిచిపోయిన పిల్లలున్నారు.

ఈ లెక్కలో భాష ఎక్కడ చిక్కుతుందో చూడండి. మొదటి ఏడు తెలుగు మొదటి భాగంగా రాసిన పిల్ల, తెలుగు లేని కళాశాలకు మారితే మూడో సెమిస్టరులో ఏ భాష రాయాలి? వేరే భాష ఎత్తుకుంటే మొదటి రెండు సెమిస్టర్ల పేపర్లు కూడా ఆ భాషలో రాయవలసి రావచ్చు. తెలుగు కోరుకున్నందుకు ఒక ఏడు నష్టం! ముఖ్య విషయపు పేపర్లన్నీ సరిపోయి, భాష దగ్గర ఆగిపోయే బదిలీ మన ఎల్ల ప్రాంతపు పిల్లలకు మాత్రమే పట్టే శని. దరఖాస్తు చేసే రోజే ఈ ప్రశ్న అడగండి.

ఇక చాలామంది తల్లిదండ్రులు మనసులో దాచుకున్న ఆశ ఒకటున్నది. తిరుపతికో విశాఖకో పంపితే తెలుగులోనే చదువుకుంటుంది కదా అని. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 నాటిది, మనస్తత్వశాస్త్ర శాఖ ఉన్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కోనేరు రామకృష్ణారావు నడిపిన మనస్తత్వ, పరామనస్తత్వ శాఖకు ప్రపంచంలోనే పేరున్నది. 1968లో పుట్టిన తెలుగు అకాడమి మనస్తత్వశాస్త్రంలో తెలుగు పాఠ్యపుస్తకాలు వేసింది. ఇవన్నీ మనవే అని మనం అనుకుంటాం. వారు మనల్ని ఏమనుకుంటున్నారు? 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం అక్కడి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 85 శాతం సీట్లు స్థానికులకు. మిగిలిన 15 శాతానికీ నివాసపు షరతులున్నాయి. ఆ ఉత్తర్వు వెనుకబడిన ప్రాంతాలకు న్యాయం చేయడానికి వచ్చింది, దాన్ని నేను తప్పుపట్టను. కాని తరతరాలుగా తెలుగు మాట్లాడుతూ, రాష్ట్రాల మధ్య గీసిన గీతకు ఇవతల మిగిలిపోయిన హోసూరు బిడ్డ ఆ లెక్కలో ఒడిశా బిడ్డతోనో గుజరాతు బిడ్డతోనో సమానం. భాష పేరు మీద ఏర్పడిన రాష్ట్రానికి ఇది తగునా? పొరుగు రాష్ట్రాల తెలుగు అల్పసంఖ్యాకులకు ప్రతి కోర్సులో కొన్ని అదనపు సీట్లు ఇస్తే స్థానికులకు దక్కేది ఒక్క సీటు కూడా తగ్గదు. రెండు తెలుగు ప్రభుత్వాలనూ నేను అడిగేది ఇంతే.

పైగా ఆంధ్రప్రదేశ్‌లో 2023–24 నుండి డిగ్రీలో ఒకే ముఖ్య విషయం ఉండే పద్ధతి వచ్చింది. మధ్యలో చేరేవారి పేపర్లు దానితో కలవడం కష్టం. ఎల్ల దాటితే ఇక్కడి వెనుకబడిన తరగతుల పత్రం అక్కడ చెల్లదు. ప్రభుత్వ బడిలో చదివిన ఆడపిల్లలకు తమిళనాడు 2022 సెప్టెంబరులో మొదలుపెట్టిన నెలకు వెయ్యి రూపాయల సాయం సంగతి కూడా మారకముందే విచారించాలి. కూలి చేసి చదివించే ఇంటికి ఆ వెయ్యి చిన్నది కాదు.

అందువల్ల నా అభిప్రాయం కొందరికి నిరాశ కలిగించవచ్చు. రెండో ఏట రాష్ట్రం దాటవద్దు. మారక తప్పకపోతే ఉన్న విశ్వవిద్యాలయంలోనే, భాష కొనసాగే కళాశాలకు మారండి. డిగ్రీ ముగించి, పి.జి.కి ఎల్ల దాటండి. ఇందుకు కారణం ఈ వృత్తి నిర్మాణంలోనే ఉన్నది. మూడేండ్ల డిగ్రీతో ఎవరూ వైద్యపరమైన మనస్తత్వశాస్త్రవేత్త కాలేరు. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం ప్రకారం, మండలి గుర్తించిన శిక్షణ పొంది పేరు నమోదు చేసుకున్నవారికే ఆ హోదా. చాలాకాలం ఆ శిక్షణ పి.జి. తరువాత రెండేండ్ల ఎం.ఫిల్.గా ఉండేది. 2022 నిబంధనల్లో యు.జి.సి. ఎం.ఫిల్.ను ఎత్తివేసినా, ఈ శాఖకు 2025–26 వరకు గడువిచ్చింది. ఆపైన మండలి ఏ కోర్సును గుర్తిస్తుందో దాని ప్రకటనలోనే చూసుకోవాలి, కళాశాల కరపత్రంలో కాదు. అంటే అసలు గడప పి.జి. దగ్గర, ఆ తరువాత ఉన్నది. డిగ్రీలో కళాశాల పేరు కంటే మార్కులు, ప్రయోగ పుస్తకం, మూడు నుడుల్లో మాట్లాడగల నోరు ఎక్కువ పనికివస్తాయి. పి.జి. నాటికి హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని ఆరోగ్య మనస్తత్వశాస్త్రం ఉన్నది, నిమ్హాన్స్ ఉన్నది. అక్కడి ప్రవేశాలు దేశమంతటికీ తెరిచినవి, అక్కడ హోసూరు బిడ్డ పరాయి కాదు.

ఒక్క హెచ్చరిక. "కళాశాల మార్పు ఎందుకు, దూరవిద్యలో కట్టేద్దాం" అని, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, కొందరు అనుకుంటున్నారు. పెండ్లి సంబంధం కుదిరితే ఈ మాట మరీ ముందుకు వస్తుంది. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి మనస్తత్వశాస్త్రం వచ్చింది. అందుచేత 2025 జూలై–ఆగస్టు ప్రవేశాల నుండి దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో ఈ విషయాన్ని నడపరాదని యు.జి.సి. నిర్ణయించింది. సందుల్లో బల్ల పెట్టుకుని ఇంకా డబ్బు కట్టించుకునే మధ్యవర్తులుంటే వారి మాట వినవద్దు. రెగ్యులరు కళాశాలకు పంపలేని పరిస్థితి ఉంటే ఏడాది ఆగినా నష్టం లేదు, చెల్లని పట్టాకు మూడేండ్లు పోసే కంటే అది మేలు.

ప్రభుత్వాలు చేయవలసినదీ ఉన్నది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి అర్థమయ్యే భాషలో సమాచారం ఇవ్వాలని చెబుతున్నది. దేశమంతటా నడుస్తున్న జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనాగా నిలిచినది బళ్లారి. కన్నడం, తెలుగు రెండూ మాట్లాడే జిల్లా అది. 1980లలో నిమ్హాన్స్ అక్కడ చేసిన పని చూసే 1996లో కేంద్రం ఈ పథకం మొదలుపెట్టింది. ఎల్ల జిల్లాలో పుట్టిన పథకం మరో ఎల్ల జిల్లాలో ఒక్క నుడిలోనే నడవాలని ఎక్కడా రాసి లేదు. కృష్ణగిరి జిల్లాలో సలహాదారుల నియామకానికి తెలుగు, కన్నడం తెలిసి ఉండడాన్ని అర్హతగా చేర్చవచ్చు. ఆ ఒక్క ఉత్తర్వు వస్తే, మన పిల్లల తెలుగు వారికి బరువుగా కాక బతుకుతెరువుగా నిలుస్తుంది. కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం స్థాపించినప్పుడు దక్షిణాది భాషలన్నింటినీ ఒక చోట చేర్చాలన్న ఆశయం ఉన్నది. కృష్ణగిరికి అంత దగ్గరలో ఉన్న ఆ ఆవరణలో మూడు నుడుల్లో కేసు రాయడం నేర్పే మనస్తత్వశాస్త్ర శిక్షణ నడపాలని ఆ పాలకవర్గాన్ని కోరుతున్నాను.

తక్షణం కావలసింది అంతకంటే చిన్నది. తెలుగు కోరే విద్యార్థి ఉన్న ప్రతి ప్రభుత్వ కళాశాలలో ఒక తెలుగు అధ్యాపకుడు. అడిగేవారు లేరు కనుక వేయలేదని అధికారులు అనవచ్చు, ఆ మాటకు బదులు చెప్పవలసినవారు మనమే. హోసూరు, దేంకణికోట, సూళగిరి, వేపనపల్లి, బర్గూరు, కృష్ణగిరి ప్రాంతాల నుండి ఏ కళాశాలలో చదువుతున్నా సరే, ఒక కార్డు రాయండి. కళాశాల పేరు, విద్యార్థి చదివే విషయం, మొదటి భాగంగా తెలుగు అడిగారా లేదా, అడిగితే ఏమన్నారు, ఈ నాలుగు సంగతులు చాలు. వచ్చే సెమిస్టరు ప్రవేశాలకు ముందే కార్డులన్నీ జాబితాగా కట్టి, జిల్లా కలెక్టరుకు, పెరియార్ విశ్వవిద్యాలయపు రిజిస్ట్రారుకు ఇస్తాము. విద్యార్థి పేరు, ఇంటి చిరునామా రాయవద్దు.